గోష్ఠిలో ఆవులు

సందేహం: గురువుగారూ, మా ఊళ్లో కవుల సభకి కరపత్రం వేయించాం. ప్రూఫులో 'సాహిత్య గోష్టి' అని వస్తే 'గోష్ఠి' అని దిద్దాను. పేపర్లన్నీ 'గోష్టి' అనే రాస్తున్నాయని ప్రెస్సులో అబ్బాయి వాదించాడు. ఏది ఒప్పు? సభలో ఒక వక్త 'గో' అంటే వాక్కు, మాటలు నిలిచే చోటు గోష్ఠి అన్నారు. దీనికి ఆవులతో సంబంధం లేదా? గోత్రంలో ఉన్నదీ ఈ 'గో'నేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు దిద్దిందే ఒప్పు. ఆ 'ష్ఠ'లో ఉన్నది 'స్థా' ధాతువు. నిలవడం, ఉండడం దాని అర్థం. నిష్ఠ, ప్రతిష్ఠ, అనుష్ఠానం అన్నిటిలోనూ అదే. ఒత్తు తీసేస్తే మాటలోంచి ధాతువే ఎగిరిపోతుంది. 'ఇష్టం'లోని 'ష్ట' వేరు, అక్కడ ఒత్తు పనికిరాదు. 'ఇష్టాగోష్ఠి'లో రెండూ ఒకేచోట చేరాయి కాబట్టి చెయ్యి తడబడడం సహజమే. కానీ రోజూ లక్షలమంది చదివే పేపరు తడబడితే ఎలా? పిల్లలు అక్షరాలు నేర్చుకునేది అక్కడినుంచే కదా!

ఇక ఆవుల సంగతి. గోష్ఠం అంటే ఆవులుండే చోటు, మన దొడ్డి. అమరకోశం 'గోష్ఠం గోస్థానకం' అని, వెంటనే 'గౌష్ఠీనం భూతపూర్వకమ్' అంటుంది. ఒకప్పుడు దొడ్డిగా ఉండి ఇప్పుడు కాకుండా పోయిన స్థలం గౌష్ఠీనం. ఈ ఒక్క మాట కోసం పాణిని 'గోష్ఠాత్ ఖఞ్ భూతపూర్వే' అని సూత్రమే చేశాడు. మందలు తోలుకుంటూ చోటు మారే జనానికి పాడుపడ్డ దొడ్డికి కూడా ఒక పేరు కావలసి వచ్చిందన్నమాట! సాయంత్రం మందలు చేరిన చోటే మనుషులూ చేరి మాట్లాడుకుని ఉంటారు. గోష్ఠి అలా సభ అయిందని నా నమ్మకం.

వైదిక కాలపు మాటల్ని ఎక్కడ తట్టినా ఆవు అంబా అంటుంది. ఈ రోజు పరిశోధనకి మనం వాడే 'గవేషణ' మొదట్లో ఆవుల కోసం వెతకడం. ఋగ్వేదంలో ఇంద్రుడు 'గవేషణుడు'. ఆవులను కోరడం అనే అర్థమున్న 'గవిష్టి' యుద్ధానికి పేరు. పణులనే శత్రువులు దాచిన ఆవుల జాడ తీయడానికి ఇంద్రుడి కుక్క సరమ వెళ్లిన కథ ఋగ్వేదం పదో మండలంలో ఉంది. మన తిక్కనగారు భారతం అందుకున్నది విరాటపర్వంతో. అందులోని రెండు యుద్ధాలూ గోగ్రహణాలే, అంటే ఆవుల్ని పట్టుకుపోబోతే జరిగినవే. పశువుల కోసం పోరాడి చనిపోయినవాళ్లకి ఎత్తిన వీరగల్లులు రాయలసీమ పల్లెల్లో ఈనాటికీ నిలబడి ఉన్నాయి.

గోత్రం కూడా ఇలాంటిదే. 'గో'కి 'త్ర' చేరింది, ఆవులను కాచే చోటు. ఋగ్వేదం పదో మండలంలోనే ఇంద్రుణ్ణి 'గోత్రభిదం గోవిదం వజ్రబాహుం' అన్నారు. ఆవుల్ని మూసి ఉంచిన చోటు పగలగొట్టినవాడు, ఆవుల్ని సంపాదించినవాడు అని. తర్వాతివాళ్లు గోత్రం అంటే కొండ అని చెప్పి, ఇంద్రుణ్ణి కొండల్ని చీల్చినవాడిగా చేశారు. ఒకే దొడ్డిలో పశువుల్ని కట్టుకున్నవాళ్లు ఒక కుదురువాళ్లు అయ్యారు. పాణిని నాటికి గోత్రం అంటే మనవడి నుంచి మొదలయ్యే సంతతి.

నాకు ఎంతో ఇష్టమైన కథ ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. సత్యకాముడు చదువుకోడానికి వెళ్తూ 'అమ్మా, నాది ఏ గోత్రం?' అని అడిగాడు. 'నాకూ తెలియదు నాయనా. వయసులో నలుగురికీ సేవ చేస్తూ తిరిగేటప్పుడు నిన్ను కన్నాను. నా పేరు జబాల, నువ్వు సత్యకామ జాబాలుడివని చెప్పు' అంది తల్లి. హారిద్రుమతుడైన గౌతముడి దగ్గర ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజం తప్పలేదని మెచ్చుకుని ఆయన ఉపనయనం చేశాడు. చేసి, మందలోంచి బక్కచిక్కిన ఆవుల్ని నాలుగు వందలు వేరుచేసి, వీటి వెంట వెళ్లమన్నాడు. వెయ్యి కానిదే తిరిగి రానన్నాడు కుర్రాడు. ఏళ్లు గడిచాక ఆ మందలోని వృషభమే 'వెయ్యి అయ్యాం, మమ్మల్ని ఆచార్యుడి ఇంటికి చేర్చు' అంది. బ్రహ్మజ్ఞానంలో మొదటి పాదం అతనికి చెప్పింది కూడా ఆ వృషభమే. గోత్రం ఏదని అడిగిన పిల్లాడి చేతికి ఆవుల మందే వచ్చింది! ఆ కథ రాసినవారికి ఈ రెండు మాటల చుట్టరికం గుర్తుందో లేదో గాని, నేను చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

మీ వక్తగారిది తప్పని మాత్రం అనను. వేదంలోని మాటల పట్టిక అయిన 'నిఘంటువు'లో 'గౌః' (మన 'గో'నే) వాక్కు పేర్లలోనూ, భూమి పేర్లలోనూ ఉంది. మాటలు నిలిచేది గోష్ఠి అన్న వ్యుత్పత్తీ పాతదే. నా మొగ్గు ఆవు వైపు, అంతే.

'ఇష్టాగోష్ఠి'లో దీర్ఘం సంస్కృతం ప్రకారం అక్కర్లేదు, 'ఇష్టగోష్ఠి' చాలు. తెలుగులో దీర్ఘంతోనే స్థిరపడింది కాబట్టి దాన్ని నేను దిద్దను. 'గోష్ఠి సమావేశం' అని వేస్తే మాత్రం ఒక మాట కొట్టేయండి. గోష్ఠి అంటేనే సమావేశం.