బీరువాలో షాంపేన్

ప్రశ్న: మా బావ ఫ్రాన్స్ నుంచి తెచ్చిన 2008 వింటేజ్ (ఆ ఒక్క ఏడాది ద్రాక్షతోనే చేసిన) షాంపేన్ రెండేళ్లుగా బీరువాలో ఉంది. ఇంకా దాచితే రుచి పెరుగుతుందా? – ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: చీకట్లో, 10-12 డిగ్రీల చల్లదనంలో ఉంటే 2008 లాంటి మంచి ఏడాది సరుకు ఇంకా ఏళ్లకేళ్లు ఆగుతుంది, కానీ అనంతపురం ఎండలకి మే నెలలో బీరువా లోపల ఎంత ఉక్కగా ఉంటుందో మీకు తెలియనిది కాదు, అందుకని ఇక దాచకండి, తెరిచేయండి. బుడగలు తగ్గి, రంగు ముదిరి ఉంటుంది, అది చూసి చెడిపోయిందని టెన్షన్ పడొద్దు. కాల్చిన బ్రెడ్, బాదం, తేనె వాసన వస్తే బాగున్నట్టే. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే పారబోయడమే. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగి, ఫ్లూట్ అనే సన్నటి పొడవాటి గ్లాసులో కాకుండా వెడల్పాటి వైన్ గ్లాసులో పోయండి. పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు, వేయించిన జీడిపప్పు చాలు.