పుస్తకం అడిగితే ప్రశ్న మూసేశారు!

ప్రశ్న: ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగే వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో “పైథాన్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం మంచిది?” అని అడిగితే ప్రశ్న మూసేశారు. ఇది ప్రోగ్రామింగ్ కాదా?

జవాబు: ప్రోగ్రామింగేనండీ, కానీ అదొక్కటే సరిపోదు. 2008లో ఆ సైట్ మొదలైన కొత్తల్లో ఇలాంటివి ఉండనిచ్చేవారు, తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పడం, సొంత సరుకు ప్రచారం చేసుకోవడం ఎక్కువై ఆపేశారు. అదే “లిస్ట్ మీద ఫర్ లూప్ తిప్పుతూ అందులోంచే విలువలు తీసేస్తుంటే కొన్ని మిగిలిపోతున్నాయి, ఎందుకు?” అని కోడ్‌తో సహా అడగండి, అది నిక్షేపంగా నిలబడుతుంది, ఎందుకంటే దానికి పరీక్షించి చూడగల జవాబుంది. వైఫై రాకపోవడం లాంటివైతే కంప్యూటర్ వాడకం సందేహాల కోసమున్న సూపర్ యూజర్ అనే సైట్‌లో అడగాలి. నన్నడిగితే ఈ హద్దు అవసరమే, కానీ కొత్తవాళ్లకి కారణం సరిగ్గా విడమరిచి చెప్పకుండా మూసేయడం మాత్రం అన్యాయం.