డిస్నీ వరల్డ్ బస్సులో సీటు ఎవరికివ్వాలి?

ఫ్లోరిడాలోని థీమ్ పార్కు డిస్నీ వరల్డ్‌లో రాత్రి బాణసంచా అయ్యాక, లైన్లో నిలబడి సంపాదించిన బస్సు సీటు వేరేవాళ్లకి ఇవ్వాలా అని అడిగారు. నా మట్టుకు, కాళ్లు బాగున్నవాళ్లు ఇవ్వాల్సిందే. నిలబడ్డ ఒక తల్లిని చూడండి: ఒక భుజాన నిద్రపోతున్న పిల్లాడు, ఇంకో చేతిలో మడిచిన స్ట్రోలర్, అంటే పిల్లల తోపుడు బండి (బస్సులో మడవాలి మరి). కమ్మీ పట్టుకోవడానికి ఆ తల్లికి మూడో చెయ్యెక్కడిది? బస్సు మలుపు తిరిగితే ఇద్దరూ పడతారు.

వీల్‌చైర్లని ముందు ఎక్కిస్తే విసుక్కోవద్దు. ర్యాంపు దించి, కుర్చీని బెల్టులతో బిగించాలి, టైం పడుతుంది.

ఎవరైనా లేవకపోతే మాత్రం గుర్రుగా చూడకండి, మోకాళ్ల నొప్పి పైకి కనబడదు. సీటు కావాలంటే నోరు తెరిచి అడగండి. ఇండియా నుంచి వచ్చిన మన పెద్దవాళ్లు మొహమాటానికి "పర్లేదమ్మా" అంటారు. వాళ్లని "కూర్చుంటారా" అని అడగొద్దు, లేచి నిలబడండి, కూర్చుంటారు.