తోటలో ఆవిరి రైలు: ఏ ఇంజిన్ కొంటే జేబుకు భారం కాదు?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర ఊరు. చిన్నప్పుడు నౌపడలో చిన్న రైలెక్కి పర్లాకిమిడిలో అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, డెర్బీలో ఉద్యోగం, సొంత ఇల్లు. పెరట్లో నిజంగా ఆవిరితో నడిచే బుల్లి రైలు వేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. మా తొమ్మిదేళ్ల పాపకు నాకంటే తొందర. మూడు ఇంజిన్లు చూశాను. ఆన్‌లైన్ వేలంలో పాత మామోడ్ కంపెనీ ఇంజిన్ 160 పౌండ్లు. ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ రౌండ్‌హౌస్ కంపెనీ ఇంజిన్, గ్యాస్ మంటతో ఆవిరి పట్టేది, 900. డార్జిలింగ్ కొండ రైలు లాగే బి క్లాస్ ఇంజిన్‌కు కొత్త మోడల్ 2,400, దానికి 24 నెలల వాయిదాలు, 19.9 శాతం ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు). ఎమర్జెన్సీ ఫండ్ 9,000 ఉంది, ఇంటి ఖర్చు నెలకు 2,600. అది కాక విడిగా 2,000 దాచాను. మార్ట్‌గేజ్ (ఇంటి లోను) ఫిక్స్‌డ్ రేటు వచ్చే మార్చితో అయిపోతుంది. ఆరు నెలలు పెన్షన్ కాంట్రిబ్యూషన్ ఆపేసి కొత్తదే కొనమంటారా?

జవాబు: పెన్షన్ మాత్రం ఆపకండి. మీరు 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నారనుకుందాం. మీ చేతిలోంచి 80 పౌండ్లు పోతే పెన్షన్‌లో 100 పడుతున్నాయి. దాని పైన కంపెనీ వాటా. మీరు ఆపితే చాలాచోట్ల కంపెనీ కూడా ఆపేస్తుంది. ఏ ఇంజిన్ కోసమైనా అంత డబ్బు వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

వాయిదాల లెక్క కూడా చూద్దాం. 2,400ను 24 నెలల్లో తీరిస్తే నెలకు దాదాపు 120 పౌండ్లు. మొత్తం 2,885 దాకా కడతారు, అందులో వడ్డీయే 485. మార్చి తర్వాత మార్ట్‌గేజ్ కిస్తీ పెరిగితే ఈ 120 అప్పుడు ఇంకా బరువనిపిస్తుంది. కొత్త రేటు చేతికొచ్చేదాకా కొత్త అప్పు వద్దు. మీ ఎమర్జెన్సీ ఫండ్ మూడున్నర నెలల ఖర్చుకు సరిపోతుంది. పిల్లలున్న ఇంటికి ఇది మరీ ఎక్కువేమీ కాదు, దాన్నీ ముట్టుకోవద్దు. అంటే ఈ కోరికకు మీ దగ్గరున్నది ఆ 2,000 మాత్రమే. అందులో 1,350 దాటకుండా పని పూర్తవుతుంది.

ఇక ఇంజిన్ సంగతి. మామోడ్ పేరున్న బొమ్మల కంపెనీ. 1937 నుంచి ఆవిరి బొమ్మలు చేస్తోంది, 1980 ప్రాంతంలో ఈ చిన్న ఇంజిన్లు తెచ్చింది. మంట ఇంధన బిళ్లలతో. వెలిగించాక తగ్గించడం, పెంచడం ఉండదు. గాలి గట్టిగా వీస్తే మంట పక్కకు పోతుంది, ఆవిరి తగ్గిపోతుంది. ఇత్తడి బాయిలర్‌ను టంకంతో అతికిస్తారు కాబట్టి నీళ్లు అయిపోయాక మంట మీదుంటే అతుకులు కరుగుతాయి. పాత ఇంజిన్లలో ఇలా దెబ్బతిన్నవి చాలానే తిరుగుతుంటాయి. కొన్నాక గ్యాస్ బర్నర్ మార్చాలి, సేఫ్టీ వాల్వ్ మార్చాలి, ఒక్కోసారి బాయిలరే మార్చాలి. 160 కాస్తా 400 అవుతుంది. అయినా అమ్మబోతే 400 రాదు. చేతిపని ఇష్టమైన వాళ్లకు ఆ విప్పడం, బిగించడమే ఆనందం, వాళ్లకు ఇది మంచి బేరమే. మీకు కావలసింది మాత్రం పాపతో కలిసి రైలు నడపడం.

రౌండ్‌హౌస్ వాళ్లది డాంకాస్టర్, మీకు దూరమేమీ కాదు. స్పేర్ పార్టులు దొరుకుతాయి, రిపేరుకు ఇవ్వొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో 900 పెట్టి, బాగా చూసుకుని, నాలుగేళ్ల తర్వాత అమ్మినా ధర పెద్దగా పడదు. మొదటి యజమాని భరించాల్సిన తరుగుదల అప్పటికే అయిపోయి ఉంటుంది. అలాగని దీన్ని పెట్టుబడి అనుకోవద్దు. ఇష్టానికి పెట్టే ఖర్చే, కాకపోతే అందులో చాలావరకు తిరిగొచ్చే ఖర్చు. మీ మూడింటిలో నా ఓటు దీనికే.

డబ్బు కట్టే ముందు ఆ ఇంజిన్‌ను మీ ఎదుట ఆవిరి పట్టించమనండి. బాయిలర్లో నీళ్లు పోసి, లూబ్రికేటర్‌లో (సిలిండర్లకు నూనె అందించే డబ్బీలో) స్టీమ్ ఆయిల్ వేసి, గ్యాస్ నింపుతారు. పొగగొట్టం దగ్గర అగ్గిపుల్ల పెడితే మంట టప్‌మని లోపలి బర్నర్ మీదికి వెళ్లి కూర్చుంటుంది. అది పొగగొట్టంలోనే ఆగిపోతున్నా, మాటిమాటికీ ఆరిపోతున్నా కారణం అడగండి. ఆవిరి ఒత్తిడి చూపే ప్రెషర్ గేజ్ ముల్లు 40 పీఎస్ఐ వైపు నిదానంగా ఎక్కాలి, సేఫ్టీ వాల్వ్ తనంతట తాను తెరుచుకోవాలి. కదిలించగానే మొదట కాస్త వేడినీళ్లు చిమ్ముతుంది, అది మామూలే. సిలిండర్ల దగ్గర ఆవిరి ఆగకుండా కారుతుంటే మాత్రం ధర తగ్గించమనాలి. బాయిలర్ టెస్ట్ కాగితం ఉందో లేదో చూడండి. తోట రైళ్ల క్లబ్బులవాళ్లు కలిసే రోజుల్లో నడపాలంటే అడుగుతారు.

చాలామంది ఇంజిన్ ధర ఒక్కటే లెక్కవేసి, పట్టాలు, వాటి కింద గట్టు వేయడానికి అయ్యే ఖర్చు మర్చిపోతారు. రేడియో కంట్రోల్ లేని ఇంజిన్‌కు ఎత్తుపల్లాలు పడవు. ఎగువకు ఆగిపోతుంది, దిగువకు పరుగెత్తి వంపు దగ్గర పట్టాలు తప్పుతుంది. అందుకని సమతలంగా, వీలైనంత పెద్ద వంపుతో వేయాలి. నాలుగడుగుల వ్యాసార్థంతో రెండు అర్ధవృత్తాలు, వాటిని కలుపుతూ మూడేసి మీటర్ల తిన్నని పట్టాలు రెండు. ఇది దాదాపు 13.7 మీటర్లు, అంటే గజం ముక్కలు 15. పెకో కంపెనీ ఎస్ఎం-32 లాంటి 32 మిల్లీమీటర్ల పట్టా ముక్క 12 పౌండ్లు అనుకుంటే 180. కింద చెక్కలు, సిమెంట్ దిమ్మెలకు 150. స్టీమ్ ఆయిల్, గ్యాస్ డబ్బా, డిస్టిల్డ్ వాటర్, రెండు చిన్న వ్యాగన్లకు 100. ఇంజిన్‌తో కలిపి 1,330. మిగిలిన 670 మార్చి దాకా కదపకండి.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ముందే తేల్చుకోండి. ఇంగ్లండ్‌లో తోట రైళ్లు ఎక్కువగా 32 లేదా 45 మిల్లీమీటర్లలో ఉంటాయి. అసలు రైలులో అడుక్కి మోడల్‌లో 16 మిల్లీమీటర్లు, ఈ స్కేలులో 32 అంటే రెండడుగుల గేజ్, అంటే డార్జిలింగ్. మీ చిన్ననాటి పర్లాకిమిడి లైను రెండున్నర అడుగులది కనుక ఈ స్కేలులో 40 రావాలి. అంటే 32, 45 రెండింట్లో దేనికీ అది సరిగ్గా కుదరదు. దాని గురించి బాధపడకండి, 32 తీసుకోండి. 1889లో గ్లాస్గోలో తయారై డార్జిలింగ్ కొండలు ఎక్కిన ఆ బి క్లాస్ ఇంజిన్ మోడల్‌ను మీరు ఎప్పుడో కొనుక్కున్నా అదే పట్టా మీద నడుస్తుంది. కొత్త రేటు ఖాయమయ్యాక నెలకు 50 పక్కన పెట్టండి. నాలుగేళ్లకు 2,400 అవుతుంది, వడ్డీ మీకే వస్తుంది.

కొనే ముందు ఇంకో పని. ఇంగ్లండ్‌లో 16 మిల్లీమీటర్ల నారోగేజ్ మోడలర్ల అసోసియేషన్ ఉంది. వాళ్ల స్థానిక బృందాలు సభ్యుల తోటల్లో రైళ్లు నడుపుతుంటాయి. పాపను తీసుకుని ఒక ఆదివారం వెళ్లండి. రెగ్యులేటర్ (ఆవిరిని వదిలే మీట) ఆమె చేతికిచ్చి చూడండి. గ్యాస్ నింపేటప్పుడు మాత్రం పిల్లలు దూరంగా ఉండాలి, ఇంజిన్ వేడి భాగాలను తాకకూడదు.

ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి తిరగేయండి. ఒక్కో వస్తువుకు, షెడ్డులో పెట్టిన వాటికి విడివిడిగా పరిమితులుంటాయి. ఇంజిన్‌ను షెడ్డులో కాక ఇంట్లోనే దాచుకోవడం మేలు.

ఆ 900 డీలర్‌కు డెబిట్ కార్డుతోనో బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌తోనో కట్టకండి. క్రెడిట్ కార్డుతో కట్టి, బిల్లు రాగానే పూర్తిగా తీర్చేయండి. 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం 100 పౌండ్లకు మించి, 30,000 దాటని వస్తువు విషయంలో అమ్మినవాళ్లతో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. అడ్వాన్స్ ఒక్కటే కార్డు మీద కట్టినా మొత్తం ధరకు ఈ రక్షణ వర్తిస్తుంది. వేలంలో ఏ వ్యక్తి దగ్గరో కొంటే ఇది ఉండదు. డీలర్ రాసిచ్చే రశీదులో ఇంజిన్ పేరు, గేజ్, బాయిలర్ టెస్ట్ తేదీ, వారంటీ ఎన్ని నెలలో ఉండేలా చూసుకోండి.