విమానంలో గుండెల్లో మంటా? బయల్దేరే ముందు ఏం తిన్నారో చూసుకోండి

ఎసిడిటీ ఉన్నవాళ్లు విమాన ప్రయాణంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. నన్నడిగితే తప్పంతా ఇంట్లో పెట్టే వీడ్కోలు భోజనాలదే.

మాది కావలి. మూడేళ్ల క్రితం సింగపూర్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తూ నెల్లూరులో మా అక్క ఇంట్లో ఆగాం. మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. "ఇంకో ముక్క వేసుకోరా, అక్కడ దొరుకుతుందా ఏమన్నా" అంటే కాదనలేకపోయాను. తిన్న అరగంటకే కారెక్కాం. చెన్నై దాకా 170 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో సూళ్లూరుపేటలో టీ. మా జిల్లాలోనే దగదర్తిలో కడతామన్న విమానాశ్రయం మాట ఎన్నేళ్లుగా వింటున్నామో! అదే వచ్చుంటే రాత్రిపూట ఈ కారు ప్రయాణం తప్పేది.

విమానం పైకి లేచాక పొట్ట బిగిసిపోయింది. లోపల గాలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది, కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది. పైగా నడుముకు బెల్టు. కాసేపటికి చింతపండు పులుపు గొంతులోకి తన్నుకొచ్చింది. మాత్రలేమో పెద్ద సూట్‌కేసులో పోయాయి. మంటకు తాగే జెల్ సీసా 100 మి.లీ. దాటిందని సెక్యూరిటీ దగ్గరే తీసేశారు. కూర్చుంటే మంట, వెనక్కి వాలితే ఇంకా మంట. ఎయిర్ హోస్టెస్ పేపర్ కప్పులో గోరువెచ్చని నీళ్లిచ్చింది. ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని, గుక్క గుక్క తాగుతూ, వెనక బాత్రూం పక్కన రెండు గంటలు నిలబడ్డాను.

ఇప్పుడు ప్రయాణం రోజు ఇడ్లీ, లేదంటే పెరుగన్నం. అదీ విమానం ఎక్కడానికి మూడు గంటల ముందే. కడుపులో యాసిడ్ తగ్గించడానికి డాక్టరు రాసిన పాంటోప్రజోల్ మాత్ర తిండికి అరగంట ముందు వేసుకుంటాను. మంట మొదలయ్యాక వేసుకుంటే అది వెంటనే పని చేయదు, అందుకని చప్పరించే యాంటాసిడ్ బిళ్లలు చొక్కా జేబులోనే ఉంటాయి. కూల్ డ్రింకు, కాఫీ ముట్టను. పిప్పరమెంటు బిళ్ల మంచిదని ఇస్తారు గానీ, అది అన్నవాహిక కింద ఉండే మూతను ఇంకా వదులు చేస్తుంది.

ఒక్కమాట. చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాసేలే అని ఊరుకోకండి, వెంటనే సిబ్బందిని పిలవండి.

పోయినసారి వెళ్లేటప్పుడు, పులుసు వద్దని అక్కకు ముందే ఫోన్ చేసి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. తిరిగొచ్చిన రోజు మాత్రం ముందురాత్రే వండి ఉంచింది, పులుసు నిలవుంటేనే రుచి కదా.