స్కానింగ్ బాగున్నా పాప కాలు ఎందుకు కదలడం లేదు? – సమాధానం

అక్కా, హాస్టల్‌లో ఉన్న మీ పదకొండేళ్ల పాపకు ఉన్నట్టుండి కుడికాలు పడిపోయిందనీ, నల్లగొండలో ఎమర్జెన్సీకి తీసుకెళ్తే స్కానింగ్ బాగుందని చెప్పి 'నటిస్తోంది' అన్నారనీ రాశారు. ఆ మాట సరికాదు. నరాలు దెబ్బతినకపోయినా వాటి పనితీరు తప్పినప్పుడు వచ్చే బలహీనత పిల్లలకు నిజంగానే ఉంటుంది, కావాలని తెచ్చుకునేది కాదు.

అయితే స్కానింగ్ బాగున్నంత మాత్రాన ఇది అలాంటి బలహీనతేనని తేల్చకూడదు, దానికి వైద్యుడు చూసే గుర్తు ఒకటుంది. కుడి మడమను మంచానికి అదమమంటే అదమలేని పిల్ల, ఎడమకాలిని వైద్యుడి చేతికి ఎదురుగా పైకెత్తేటప్పుడు అదే కుడి మడమను తనకు తెలియకుండానే గట్టిగా అదిమితే, నరాల దారి సజావుగా ఉందని అర్థమవుతుంది. 1908లో హూవర్ అనే అమెరికా వైద్యుడు వివరించిన ఈ పరీక్షను చేశారో లేదో పిల్లల నరాల వైద్యుణ్ణి అడగండి. మన వైపు కాళ్ల బాధ అనగానే ఫ్లోరైడ్ నీళ్లను అనుమానిస్తాం గానీ, అది ఏళ్ల తరబడి పేరుకునేదే తప్ప ఒక్క పూటలో కాలు పడిపోయేలా చేసేది కాదు.

జ్వరం, వెన్నునొప్పి, మూత్రం ఆగిపోవడం, రెండో కాలికీ బలహీనత పాకడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపిస్తే మాత్రం వెంటనే మళ్లీ ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

హాస్టల్‌లో ఏం జరిగిందో నిలదీయకుండా, పాప పక్కన కూర్చుని నెమ్మదిగా వినండి. ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి, మానసిక సహాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.