డాక్సీసైక్లిన్ బాక్టీరియాను చంపదట కదా, మరి జ్వరం ఎలా తగ్గుతుంది?

నాన్నగారికి స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే బాక్టీరియా జ్వరం) అని డాక్సీసైక్లిన్ రాశారు, అది బాక్టీరియాను చంపదు, పెరగకుండా ఆపుతుందంతే అని ఎక్కడో చదివారు, ఇంకా గట్టి మందు అడగాలా అన్నది మీ టెన్షన్. అడగక్కర్లేదండీ. ఈ జబ్బుకు గట్టి మందు అదే.

నేను ఫార్మసిస్టును, చిత్తూరు జిల్లాలో మెడికల్ షాపు నడుపుతాను. వానలు మొదలయ్యాక ఈ మందు చీటీలు మా దగ్గరికి బాగానే వస్తాయి. మా మామగారికీ ఇదే జబ్బు వచ్చింది. ముందు మామూలు జ్వరమనుకుని సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ వాడారు, దిగలేదు. తర్వాత చూసిన డాక్టరు ఒళ్లంతా వెతికి, పంచె ముడి కిందుగా నడుము మడతలో, ఆ పురుగు కుట్టిన చోట ఏర్పడే, కాలి ఎండినట్టున్న నల్లటి పెచ్చును పట్టుకున్నారు. నొప్పీ దురదా లేకపోవడంతో ఆయనకే దాని సంగతి తెలియదు. డాక్సీసైక్లిన్ పడ్డాక మర్నాటికి వణుకు తగ్గింది, ఆ వెనకే జ్వరమూ దిగింది.

సెఫిక్సిమ్ చెడ్డ మందేమీ కాదు. అదీ, పెన్సిలిన్ జాతి మందులూ బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా చేస్తాయి. స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా అనే బాక్టీరియాకు ఆ గోడ నామమాత్రంగానే ఉంటుంది, పైగా అది మన కణాల లోపల చేరి పెరుగుతుంది. అలాంటిదాన్ని ఆపాలంటే మందు కణంలోకి వెళ్లాలి, బాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌నే పట్టుకోవాలి.

బాక్టీరియా రైబోజోమ్‌ను 70ఎస్ అంటారు. అందులో 30ఎస్, 50ఎస్ అని రెండు ముక్కలు. మన కణాల్లోది 80ఎస్, దాని నిర్మాణం వేరు, కాబట్టి ఈ మందులు దాని జోలికి పెద్దగా పోవు. డాక్సీసైక్లిన్ 30ఎస్ ముక్క మీద, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ దిగాల్సిన చోటును ఆక్రమిస్తుంది. ఈ జబ్బుకే వాడే మరో మందు అజిత్రోమైసిన్ చేరేది 50ఎస్ ముక్కలో, తయారవుతున్న ప్రోటీన్ గొలుసు బయటికొచ్చే సొరంగంలో. మురుకులు ఒత్తుతుంటే చిల్లులో నువ్వుగింజ ఇరుక్కున్నట్టు, పని అక్కడితో ఆగిపోతుంది. స్క్రబ్ టైఫస్ ముదిరినవాళ్లకు ఈ రెండూ కలిపి నరంలోకి ఎక్కిస్తే ఏదో ఒక్కటే ఇచ్చినదానికన్నా మెరుగ్గా ఉందని మన దేశంలోనే జరిగిన పెద్ద అధ్యయనం 2023లో తేల్చింది. నాన్నగారు మాత్రలతోనే ఇంట్లో ఉన్నారంటే అంతదాకా రాలేదనే అర్థం.

ఇక చంపడం, ఆపడం సంగతి. ప్రోటీన్లు లేకపోతే బాక్టీరియా రెండుగా చీలలేదు, పాడైనవి బాగుచేసుకోలేదు. పెరుగుదల ఆగిపోయిన గుంపును మన రోగనిరోధక వ్యవస్థే తుడిచిపెడుతుంది. అయినా చంపే మందులు, ఆపే మందులు అనే ఈ తేడా ల్యాబులో గాజు గొట్టాల్లో చూసి పెట్టిన లెక్క, దానికి మరీ విలువ ఇవ్వకండి. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియాను ఆపుతుంది, అదే మందు స్ట్రెప్టోకాకస్ అనే మరో రకం బాక్టీరియాలో చాలావాటిని చంపుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా 30ఎస్ మీదే పనిచేస్తాయి, కానీ అవి ప్రోటీన్ తయారీలో తప్పులు దొర్లిస్తాయి. ఆ తప్పుడు ప్రోటీన్లు పొరలో చేరి బాక్టీరియా చచ్చిపోతుంది. వాటితో వినికిడికీ కిడ్నీలకూ ముప్పు ఉంది కాబట్టి, చంపుతుంది కదా అని ఏరి తెచ్చుకునేవి కావు.

మన కణాలకు అసలు ఏమీ కాదని కూడా అనలేం. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే రైబోజోమ్‌లు బాక్టీరియావాటికి దగ్గర పోలిక. మొండి టీబీకి నెలల తరబడి లినెజోలిడ్ వాడేవాళ్లలో రక్తకణాలు పడిపోవడం, కాళ్లు తిమ్మిర్లెక్కడం అందుకే. కొద్ది రోజుల డాక్సీసైక్లిన్‌కు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

అన్నట్టు, డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ మందుల కుటుంబం, అందులో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. బెంజమిన్ డుగ్గర్ దాన్ని కనిపెట్టినప్పుడు అక్కడి పరిశోధన విభాగానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. షాపులో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు!

మీరు పట్టించుకోవాల్సింది మందు మింగే పద్ధతి. మా వైపు పెద్దవాళ్లు "వేడి చేస్తుంది" అని మాత్రను పాలతో వేసుకుంటారు. పాలలోని కాల్షియం ఈ మందును పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాసుకు తాగే యాంటాసిడ్ మందూ అంతే, వాటికీ దీనికీ రెండు మూడు గంటల ఎడం ఉండాలి. ఏదైనా తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగించి, కనీసం అరగంట కూర్చోబెట్టండి. వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది, ఆ మంటకు గుండెనొప్పేమోనని భయపడి పరుగెత్తినవాళ్లను చూశాను. ఎండలో ఎక్కువ తిరగనివ్వకండి. రెండు రోజులు వాడినా జ్వరం దిగకపోయినా, మధ్యలో ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం లాంటివి కనిపించినా అదే మాత్రతో ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.